ఇంగ్లీషులో విజిల్ వేయడం ఎలా

పొద్దున ఏడింటికి మా ఇంట్లో మూడు చప్పుళ్లు ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాయి. మొదటిది వంటింట్లో కుక్కర్. "బిడ్డా, ఎన్ని సీటీలు వచ్చినయ్?" అని అమ్మ బయట బట్టలు ఉతుకుతూనే అడుగుతుంది. నేను లెక్క చెప్పేలోపు గుంటూరు వైపు పోయే బండి కూత పెడుతుంది. ఆ తర్వాత గోడ అవతల నుంచి మా వాడి దోస్తు ఈల, క్రికెట్‌కు రమ్మని. సీటీ, కూత, ఈల. నల్లగొండలో మా ఇంటికి మూడు మాటలున్నాయి. ఇంగ్లీషులో ఈ మూడింటికీ ఒకటే మాట, విజిల్.

ఒకటే మాట కదా, సులువే అనుకుంటాం. సరిగ్గా అక్కడే దెబ్బ తింటాం. ఆ మాట పక్కన ‘టు’ రావాలా ‘ఆన్’ రావాలా తెలియకపోతే, కుక్కను పిలవబోయి పక్కింటాయన మీద ఫిర్యాదు చేసినట్టవుతుంది. సాయంత్రాలు నేను డిగ్రీ పిల్లలకు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. వాళ్లు ఇంటర్వ్యూలకు హైదరాబాద్ బస్సెక్కే ముందు ఈ ఒక్క మాట మీద ఒక సాయంత్రమంతా కూర్చుంటాం. ఆ పాఠమే ఇక్కడ రాస్తున్నాను. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి.

ముందు మూతి సర్దుకోండి

మనం ‘జ’తో విజిల్ అంటాం. ఇంగ్లీషులో అక్కడ ఉండేది ‘స’. విసిల్ అనాలి. స్పెల్లింగ్‌లో ‘టి’ అక్షరం ఉంటుంది కానీ నోటికి పనిలేదు. లిసెన్, ఫాసెన్, క్యాసిల్, క్రిస్మస్ కూడా ఈ బాపతే. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ క్రియను ‘హ్విస్ట్‌లియన్’ అనేవాళ్లు, అప్పుడు ‘ట’ గట్టిగానే పలికేది. చప్పుడు పోయింది, అక్షరం మిగిలింది. అందుకే రాసేటప్పుడు డబ్ల్యూ పక్కన హెచ్, ఎస్ పక్కన టి మర్చిపోవద్దు.

పలకడానికి ఒక చిట్కా ఉంది. ఈల వేయడానికి పెదాలు ఎట్లా సున్నా చుడతారో అట్లా చుట్టండి, కానీ ఊదకండి. ఆ మూతితోనే ‘వి’ అనండి. పై పళ్లు కింది పెదవికి తగలొద్దు, తగిలితే అది వ్యాన్‌లో వచ్చే ‘వ’ అయిపోతుంది. వెంటనే పెదాలు వదిలేసి ‘సిల్’ అనండి. అద్దం ముందు పదిసార్లు. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

ఇంత చెప్పి నేను మాత్రం చివరిదాకా విజిల్ అనే రాస్తాను. తెలుగులో అది మన మాటే అయిపోయింది. అమ్మ దగ్గరికి పోయి "నాలుగు విసిల్స్ వచ్చాయమ్మా" అంటే నాకే నాలుగు తగులుతాయి.

‘వేయడం’ మానేయండి

మనం ఈల వేస్తాం, విజిల్ వేస్తాం. పాలమూరు దోస్తులు సీటీ కొడతారు. ఆ అలవాటుతో పిల్లలు ‘హి ఈజ్ పుటింగ్ విజిల్’ అని రాస్తారు. ఇంగ్లీషులో విజిల్‌ను వేయరు, పెట్టరు, కొట్టరు. వాక్యం మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: చప్పుడు నోటి నుంచి వస్తున్నదా, చేతిలో వస్తువు నుంచా, దానంతటదే మోగుతున్నదా?

నోరైతే విజిల్ అనేదే క్రియ. ‘షి విజిల్డ్’ అంటే చాలు. పాట అయితే ‘హి విజిల్డ్ ఎ ట్యూన్’. రంగస్థల నటుడు కల్యాణం రఘురామయ్య ఈలతోనే పద్యాలూ పాటలూ పలికించేవాడు, జనం ఆయన్ని ఈలపాట రఘురామయ్య అనే పిలుచుకున్నారు. ఆయన గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే ‘విజిల్డ్’ అన్న ఒక్క క్రియతో పని అయిపోతుంది.

వస్తువైతే ‘బ్లో’ కావాలి. గ్రౌండ్‌లో పీఈటీ సార్ మెడలో వేలాడేది ఊదితే ‘ద పీఈటీ బ్లూ హిజ్ విజిల్’. గతకాలంలో బ్లూ, బ్లోడ్ కాదు.

దానంతటదే మోగేది బండి, కుక్కర్, కెటిల్. వీటికి మళ్లీ నోటి లెక్కే: ‘ద ట్రెయిన్ విజిల్డ్’. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడి ఆగినప్పుడు పట్టాల వెంట ఒకసారి చూడండి. గేటుకు కొంత దూరంలో పసుపుపచ్చ బోర్డు మీద ‘డబ్ల్యూ/ఎల్’ అని, హిందీలో ‘సీ/ఫా’ అని ఉంటుంది. ఇక్కడి నుంచి విజిల్ ఊదుకుంటూ రా, ముందు గేటుంది అని డ్రైవర్‌కు చెప్పే బోర్డు అది. ‘సీ’ అంటే సీటీ, ‘ఫా’ అంటే ఫాటక్. మన అమ్మల మాట రైల్వే బోర్డు మీద ఉందన్నమాట. ఆవిరి ఇంజన్లు పోయి ఎన్నో ఏళ్లయింది, ఇప్పుడు మోగేది హారన్. అయినా రాతలో విజిలే ఉండిపోయింది.

కుక్కర్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్లు విదేశాల్లో ఎక్కువగా తడబడేది ఇక్కడే. మా చెల్లె అమెరికా పోయిన కొత్తలో పక్కింటావిడ పప్పు తిని మురిసిపోయి, ఎట్లా చేయాలో రాసిమ్మన్నది. చెల్లె కాగితం మీద ‘కందిపప్పు, పసుపు, నీళ్లు, ఫోర్ విజిల్స్’ అని ఇంగ్లీషులో రాసిచ్చింది. మర్నాడు ఆవిడ వచ్చి అడిగిందట, "విజిల్ ఎవరు వేయాలి?"

తప్పు ఆవిడది కాదు. మన కుక్కర్లలో మూత మీద వెయిట్ ఉంటుంది. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి, బయటి గాలి ఒత్తిడి కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువయ్యాక ఆ వెయిట్ లేస్తుంది, ఆవిరి కుయ్యిమని బయటికి వస్తుంది, వెయిట్ మళ్లీ కూర్చుంటుంది. అదే ఒక విజిల్. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, పప్పు తొందరగా ఉడుకుతుంది. చాలా దేశాల కుక్కర్లు ఇట్లా ఆగి ఆగి కూయవు. కొన్ని సన్నగా బుసకొడుతూ ఉంటాయి, కరెంటువి కొన్ని చప్పుడే చేయవు. అందుకని మనలో మనం ఇంగ్లీషు మాట్లాడుకునేటప్పుడు ‘త్రీ విజిల్స్’ అనండి, అది మన దేశపు ఇంగ్లీషు, అందులో తప్పు లేదు. బయటివాళ్లకు చెప్పేటప్పుడు నిమిషాల్లో చెప్పండి. మీ కుక్కర్‌కు మొదటి విజిల్ నుంచి నాలుగో విజిల్ దాకా ఎన్ని నిమిషాలు పడుతుందో ఒకరోజు గడియారం పెట్టి చూసుకోండి, అదే రాయండి. ‘ఫోర్ విజిల్స్ కేమ్’ అని మాత్రం వద్దు. ‘ద కుక్కర్ విజిల్డ్ ఫోర్ టైమ్స్’ అనాలి.

వెనక వచ్చే చిన్న మాట

అసలు పాఠం ఇది. విజిల్ తర్వాత టు, ఎట్, ఫర్, ఆన్ అని నాలుగు చిన్న మాటలు వస్తాయి. తెలుగులో ఆ పని ‘కు, ని, మీద’ చేస్తాయి కాబట్టి మనం వీటిని పట్టించుకోం. ఇక్కడ అర్థమంతా వాటిలోనే ఉంది.

‘విజిల్ టు’ అంటే పిలవడం. మాగనూరు, మక్తల్ వైపు గొర్లు కాసేవాళ్లు ఈలతోనే మందను మళ్లిస్తుంటారు, దారి తప్పుతున్న కుక్కను వెనక్కి పిలుస్తారు. ‘హి విజిల్డ్ టు హిజ్ డాగ్.’ ఇందులో ప్రేమ ఉంటుంది, పని ఉంటుంది.

‘విజిల్ ఎట్’ అంటే ఒకరిని గురిచూసి వేయడం. ఆడవాళ్లను చూసి వేసే రెండు స్వరాల ఈలను ఇంగ్లీషులో ‘వుల్ఫ్ విజిల్’ అంటారు. పరీక్షలో అర్థం రాయడానికి తెలుసుకోండి, బస్టాండ్‌లో ప్రయోగం వద్దు. స్త్రీ మర్యాదకు భంగం కలిగించాలని మాట అన్నా, చప్పుడు చేసినా, సైగ చేసినా భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, జరిమానా. 2024 జులైకి ముందు ఇదే ఐపీసీలో 509గా ఉండేది. మన రాష్ట్రంలో 2014 నుంచి షీ టీమ్స్ మఫ్టీలో తిరుగుతున్నాయి. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు మగపిల్లలు కిందికి చూస్తారు, ఆడపిల్లలు పైకి చూస్తారు.

‘విజిల్ ఫర్’ తమాషాగా ఉంటుంది. పెళ్లికి చేబదులు తీసుకున్న బావమరిది రెండేళ్లయినా ఊసెత్తలేదు. మీరు ఆశగా ఎదురుచూస్తున్నారు. దోస్తు అంటాడు, ‘యు కెన్ విజిల్ ఫర్ యువర్ మనీ.’ మన భాషలో చెప్పాలంటే, ఆ పైసలకు నీళ్లొదులుకో. పూర్వం తెరచాప ఓడలవాళ్లు గాలి ఆడనప్పుడు ఈల వేస్తే గాలి వస్తుందని నమ్మేవాళ్లు. ఈ మాట వినబడినప్పుడు ఈల కోసం చెవులు రిక్కించకండి, ఆ పైసలు ఇక రావు అంతే.

ఇక ‘బ్లో ద విజిల్ ఆన్’. దీని ధర నేను చెల్లించాను.

నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో. సాయంత్రం ఏడింటికి ఆఫీసు క్యాబ్ వచ్చేది. మా టీమ్ లీడర్ మేడమ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకొని పనిలో పడితే క్యాబ్ సంగతి మర్చిపోయేది. ఒకరోజు సాయం చేద్దామని చాట్‌లో రాశాను: ‘డోంట్ వరీ మేడమ్, ఐ విల్ బ్లో ద విజిల్ ఆన్ యు ఎట్ సెవెన్.’ క్యాబ్ రాగానే పిలుస్తానని నా భావం. ఆమెకు అర్థమైంది వేరు: ఏడింటికి మీ బండారం బయటపెడతాను. అయిదు నిమిషాల్లో మీటింగ్ రూమ్‌కు పిలుపు వచ్చింది. తలుపు వేసింది. "దేని గురించి?" అంది. క్యాబ్ గురించి మేడమ్ అన్నాను. "క్యాబ్ బిల్లుల గురించా?" అంది. నాకు టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఆమెకు ఎందుకు పట్టాయో అప్పుడు అర్థం కాలేదు.

కాబట్టి ఎవరికైనా సమయానికి గుర్తుచేస్తానని చెప్పాలంటే ‘ఐ విల్ లెట్ యు నో’ అనండి. విజిల్ జోలికి పోవద్దు.

‘బ్లో ద విజిల్ ఆన్’ అంటే లోపలి తప్పును బయటికి చెప్పి ఆపించడం. ఆటలో ఫౌల్ జరిగితే రెఫరీ విజిల్ ఊదుతాడు, ఆట ఆగిపోతుంది. దొంగను చూస్తే పోలీసు ఊదుతాడు, నలుగురూ అటు తిరుగుతారు. ఆ దృశ్యమే మాటగా మారింది. ఒకప్పుడు లండన్ పోలీసులు విజిల్ బదులు చెక్క గిలక్కాయలాంటి దాన్ని గిరగిర తిప్పేవాళ్లు. 1883లో బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్ హడ్సన్ తయారుచేసిన విజిల్‌తో దాని పని అయిపోయింది. మరుసటి ఏడు ఆయనే లోపల గింజ ఉన్న విజిల్ తెచ్చాడు. పీఈటీ సార్ విజిల్ ఊపితే గలగలలాడేది ఆ గింజే.

ఇట్లా చెప్పే మనిషి ‘విజిల్‌బ్లోయర్’. తెలుగు పత్రికల్లో ప్రజావేగు అనే మాట కూడా కనిపిస్తుంది. చాడీలు చెప్పేవాడికి ఈ పేరు అంటదు. పక్క సీటువాడు లేటుగా వచ్చాడని మేనేజర్ చెవిన వేస్తే అది చాడీ. ఉపాధి హామీ మస్టర్‌లో లేని కూలీల పేర్లు రాస్తున్నారని అక్కడే పనిచేసే మనిషి కాగితాలతో సహా బయటపెడితే ‘హి బ్లూ ద విజిల్ ఆన్ ద ఫేక్ మస్టర్ రోల్స్’. మన దేశంలో ఈ మాట వినగానే గుర్తొచ్చే పేరు సత్యేంద్ర దూబే. జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాలు జరుగుతున్నాయని ప్రధాని కార్యాలయానికి లేఖ రాశాడు. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఇట్లాంటివాళ్లను కాపాడాలంటూ పార్లమెంటు చేసిన చట్టం 2014 నాటిది, దాని పేరులోనే ‘విజిల్ బ్లోయర్స్’ అని ఉంది. 2009 ఎన్నికల్లో లోక్‌సత్తా పార్టీ గుర్తు ఈల. ఆ గుర్తులో ఉన్నదీ ఈ అర్థమే, గుర్తు పెట్టుకోవడానికి అదొక దారి.

మిగిలినవి మూడు సంచుల్లో వేయండి

నోట్‌బుక్‌లో ఒక పేజీని మూడు గళ్లు చేయండి. ధైర్యంగా వాడేవి, చూసి వాడేవి, వింటే అర్థమైతే చాలనుకునేవి.

మొదటి గడిలో ‘క్లీన్ యాజ్ ఎ విజిల్’. గిన్నె అద్దంలా తోమితే ఈ మాట. మనిషి మీద ఏ మచ్చా లేదనడానికీ ఇదే. బోనాలకు ఇల్లు కడిగాక అమ్మను చూసి అనొచ్చు, పోలీస్ వెరిఫికేషన్ అయ్యాక మీ గురించి మీరూ అనుకోవచ్చు.

‘బెల్స్ అండ్ విజిల్స్’ కూడా మొదటి గడిలోనే. అవసరానికి మించిన హంగులని అర్థం. క్లాక్ టవర్ దగ్గర ఫోన్ కొనడానికి పోతే షాపు పిల్లవాడు మూడు కెమెరాలు, నీళ్లలో పడ్డా ఏం కాదు, వేలు పెడితే తెరుచుకుంటుంది అని ఊదరగొడతాడు. మా నాయన అయితే "మాట్లాడితే అవతలోనికి వినిపిస్తదా లేదా, అది చెప్పు" అంటాడు. ‘ఐ డోంట్ నీడ్ ఆల్ ద బెల్స్ అండ్ విజిల్స్.’ గంటల్నీ ఈలల్నీ విడదీయొద్దు, తిరగేయొద్దు. ‘విజిల్స్ అండ్ బెల్స్’ అంటే ఎవరూ కొట్టరు గానీ కొత్తవాడని తెలిసిపోతుంది.

‘విజిల్-స్టాప్ టూర్’ అంటే ఒక్కోచోట కాసేపే ఆగుతూ చుట్టబెట్టుకు రావడం. అమెరికాలో రైలు అన్ని చిన్న ఊళ్లలో ఆగేది కాదు, విజిల్ సైగతోనే ఆగే ఊళ్లు ఉండేవి. వాటిని విజిల్ స్టాప్‌లనేవాళ్లు. 1948 ఎన్నికల్లో అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ రైల్లో దేశం తిరుగుతూ వెనక పెట్టెలో నిలబడి ఉపన్యాసాలిచ్చాడు. మా ఊళ్లను లెక్కచేయకుండా మాట్లాడతారా అన్న కోపమూ ఆ ఎన్నికల్లో కలిసింది, ఎందుకంటే ట్రూమన్‌ను విమర్శించబోయి సెనేటర్ టాఫ్ట్ ఆ ఊళ్లను ‘విజిల్ స్టాప్’ అన్నాడు. ఆ గొడవతో మాట ఇంకా పాపులర్ అయింది. ట్రూమన్ గెలిచాడు. మీ వాక్యానికి అమెరికా అక్కర్లేదు. పొద్దున మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూసి, గద్వాల కోటలో గంట తిరిగి, అలంపూర్‌లో జోగులాంబ దర్శనం చేసుకొని రాత్రికి ఇల్లు చేరారా? అది విజిల్-స్టాప్ టూర్.

రెండో గడిలో ‘వెట్ యువర్ విజిల్’. ఇక్కడ విజిల్ అంటే గొంతు. గొంతు తడుపుకోవడం అని మనకూ ఉంది, ఇంచుమించు అదే మాట. పద్నాలుగో శతాబ్దంలోనే ఇంగ్లీషు కవి ఛాసర్ తన కథలో ఒక తాగిన ఆడమనిషి గురించి ఇట్లా రాశాడు. తాటిచెట్ల కింద కల్లు ముంత ఎత్తుతూ దోస్తులతో అనడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంటర్వ్యూలో నీళ్ల గ్లాసు ముందుకు జరిపినప్పుడు మాత్రం వద్దు. అందులో కొంచెం మందు వాసన ఉంటుంది.

మూడో గడిలో ‘విజ్లింగ్ ఇన్ ద డార్క్’. భయాన్ని కప్పిపుచ్చుకోవడానికి ధైర్యం నటించడం. చిన్నప్పుడు బావి దగ్గర మోటారు బంద్ చేయడానికి రాత్రిపూట నన్ను పంపేవాళ్లు. చేతిలో టార్చ్ ఉన్నా నోట్లో ఈల ఉండేది. "రాత్రి ఈల వేయకురా, పాములొస్తయ్" అని నాయనమ్మ వెనక నుంచి కేకేసేది. దాంతో భయం రెండింతలయ్యేది, ఈల కూడా. పాముకు బయటి చెవులు లేవు, అది వినేది ఎక్కువగా లావు చప్పుళ్లు, నేల అదురు. సన్నటి ఈల దాన్ని పిలుస్తుందన్న భయం అక్కర్లేదు. కాలి కింద మాత్రం చూసుకోవాలి.

‘డాగ్ విజిల్’ కూడా అక్కడే రాయండి. 1876లో ఫ్రాన్సిస్ గాల్టన్ మనిషి చెవికి అందని ఈల తయారుచేశాడు. మనకు వినిపించేది 20,000 హెర్ట్జ్ దాకానే, కుక్కకు దానికి రెండింతలు. రాజకీయాల్లో అయితే, అందరికీ మామూలుగా వినిపిస్తూ ఒక వర్గానికి మాత్రం లోపలి అర్థం తగిలేటట్టు మాట్లాడటం. మన దగ్గర సభల్లో దీనికి ఉదాహరణలు వెతుక్కోనవసరం లేదు, నేను ఇవ్వను కూడా.

ఒక రోజు లెక్క

ఇప్పుడు పని మీది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా చెవిన పడ్డ ప్రతి విజిల్‌నూ నోట్‌బుక్‌లో తెలుగులో రాయండి: టైము, ఎక్కడ, ఎవరు, ఎవరి కోసం. రాత్రికి ఒక్కోదానికి ఒక్క ఇంగ్లీషు వాక్యం. మొదట నోరా, వస్తువా, దానంతటదేనా చూడండి. తర్వాత టు, ఎట్, ఫర్, ఆన్‌లలో ఏది కావాలో, అసలు కావాలో వద్దో చూడండి.

సినిమా హాల్లో హీరో వచ్చినప్పుడు పడేవి కూడా రాయండి, ‘ద క్రౌడ్ విజిల్డ్ అండ్ చియర్డ్’. ‘చియర్డ్’ తప్పక తగిలించాలి. యూరప్‌లో ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఈలలు వేస్తే ఆటగాళ్లను తిడుతున్నట్టు లెక్క. ఉత్త ‘విజిల్డ్’ అని రాస్తే మన అభిమాని అక్కడ శత్రువైపోతాడు.

పోయిన బ్యాచ్‌లో దేవరకొండ అమ్మాయి ఒకతె రాసిన లెక్కలో ఒక వాక్యం: ‘కండక్టర్ పుట్ విజిల్ ఆన్ మై గ్రాండ్‌మదర్.’ అవ్వ బస్సు దిగకముందే కండక్టర్ విజిల్ వేశాడని ఆమె చెప్పాలనుకున్నది. ఎర్ర పెన్నుతో ‘పుట్’ కొట్టేసి ‘బ్లూ ద’ అని రాశాను. అప్పుడు చూస్తే కండక్టర్ అవ్వ మీద ఫిర్యాదు చేసినట్టు తేలింది. ‘ఆన్’ కూడా కొట్టేసి, చివరికి ‘ద కండక్టర్ బ్లూ హిజ్ విజిల్ బిఫోర్ మై గ్రాండ్‌మదర్ గాట్ ఆఫ్’ అని దిద్దాం. "మరి అవ్వ ఏమన్నది?" అని అడిగాను. "అది ఇంగ్లీషులో రాయలేం సార్" అన్నది.